గ్యాస్ సైటు పనికి నోమెక్స్ కవరాల్ కొనాలా, కాటన్ సరిపోదా?

గ్యాస్ లైన్ల దగ్గర పనంటున్నారు కాబట్టి కొనాల్సిందేనండి. నోమెక్స్ అంటే మంటలో కరగని పీచుతో నేసిన బట్ట. ఉత్త వెల్డింగే అయితే మంట పాకకుండా మందు పట్టించిన మందపాటి కాటన్ (ఎఫ్ఆర్ కాటన్) చాలు, నిప్పురవ్వలకి పల్చటి నోమెక్స్ కంటే అదే ఆగుతుంది. కానీ ఏ సూటన్నది కాదు, లోపల ఏం తొడుక్కుంటారన్నది నా గోల.

రాజోలు వైపు ఓ సైటులో మా బావమరిది హెల్పరు. డ్రెయిన్ వాల్వు విప్పుతుంటే గ్యాసు గుప్పున అంటుకుంది. వాడి నోమెక్స్ సూటు ముందంతా నల్లబడి బిరుసెక్కింది గానీ కరగలేదు, చిల్లు పడలేదు. ఆ పీచు గుణమే అంత, 370 డిగ్రీలు దాటితే లావెక్కి బొగ్గవుతుంది తప్ప కారదు. ఛాతీ మీద బొబ్బ కూడా లేదు. అయితే ఉక్కపోతని జిప్పు సగానికి దించుకున్నాడు మహానుభావుడు. లోపల సంక్రాంతి వాలీబాల్ పోటీల్లో ఇచ్చిన పాలిస్టర్ టీషర్టు, కాలరు బయటికి. పాలిస్టర్ 260 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మెడకి అతుక్కుపోయింది. అమలాపురంలో డాక్టరుగారు దాన్ని తీస్తుంటే వాడి కేకలు వరండాలోకి వినబడ్డాయి. కాటన్ బనీను వేసుకోరా అంటే వినే రకమా!

ఇంకోటి, ఉతుకుడు. వాడి భార్య సూటుకి బ్లీచింగ్ వేసి, గంజి పెట్టి, డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేసేది. బ్లీచింగ్, ఎండ రెండూ ఆ పీచుని తినేస్తాయి. గంజి మంటకి మేత. నీడన ఆరేయమ్మా అంటే నన్ను వింతగా చూసింది.

కెవ్లార్ అనే గట్టి పీచు పేరు విని "కెవ్లార్ సూటు" అడక్కండి, అది ఇందులో కొంచెమే. సూట్లకి వాడే నోమెక్స్ 3ఎ రకం బట్టలో 93 శాతం నోమెక్స్, మంటలో బట్ట పిగలకుండా 5 శాతం కెవ్లార్, బట్ట రాపిడికి (స్టాటిక్) నిప్పురవ్వ పుట్టకుండా 2 శాతం కార్బన్ పీచు ఉంటాయి. గ్యాసు దగ్గర ఆ రెండు శాతమే ముఖ్యం. అలాగని ధైర్యం చెయ్యకండి. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలు దాటి మండింది, అలాంటి మంటకి ఏ సూటూ ఆగదు. ఈ సూట్లని పరీక్షించేదే మూడు సెకన్ల మంటలో. అది పరిగెత్తడానికిచ్చే టైమంతే.

నీలం గుడ్డకి ఫైర్‌ప్రూఫ్ స్టిక్కరేసి అమ్మే షాపులు బోలెడు. లోపలి మడత నుంచి ఓ దారం లాగి అగ్గిపుల్ల పెట్టండి. నల్లబడి, పుల్ల తియ్యగానే ఆరితే సరుకు మంచిదే. కరిగి గట్టి గుండు కట్టిందా, బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.