అద్దె ఇంటి స్లైడింగ్ గేటు ఒరిగితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఇండిపెండెంట్ ఇంటి గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకు ఉంటున్నాం. కారు పార్కింగ్‌కి మోటారుతో నడిచే ఇనుప స్లైడింగ్ గేటు ఉంది. మొన్న కరెంటు పోయినప్పుడు చేత్తో తోస్తే చివర స్టాపర్ ఊడిపోయి, గేటు పైనున్న గైడ్ రోలర్లు దాటి పక్కకు ఒరిగింది. పక్కింటివాళ్లు వచ్చి పట్టుకున్నారు. మాకు నాలుగేళ్ల బాబు ఉన్నాడు. ఓనరుగారేమో ‘మీరే గట్టిగా తోశారు, మీరే చేయించుకోండి’ అంటున్నారు. ఆ ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చా? రేపు ఎవరికైనా ఏమైనా అయితే కేసు ఎవరి మీద పడుతుంది? – ఒక పాఠకురాలు

జవాబు: వెల్డర్‌ని పిలిచే ముందే ఊడిన స్టాపర్‌ని, అది విరిగిన చోటుని దగ్గరగా ఫొటోలు తీయండి. విరిగిన అంచు లోపలిదాకా తుప్పు పట్టి ఉంటే ఆ అతుకు ఎప్పుడో పగిలిందని అర్థం. అంచంతా మెరుస్తుంటే కొత్తగా విరిగిందని. ఓనరుగారి వాదన నిలిచేదీ లేనిదీ చాలావరకు అక్కడే తేలుతుంది. కొత్త వెల్డింగ్ పడిందంటే ఆ సాక్ష్యం పోయినట్టే. ఊడిన ముక్కను కూడా పారేయకండి. అసలు మనిషి తోస్తేనే ఊడిపోయేది స్టాపర్ ఎలా అవుతుంది? మోటారు మీద నడిచేటప్పుడు గేటును లిమిట్ స్విచ్ ఆపుతుంది. కరెంటు లేక, తాళంచెవితో మోటారును విడిపించి తోసేటప్పుడు ఆపేది ఆ ఇనుప ముక్కే.

ఇక ఖర్చు సంగతి. ముందు మీ అద్దె ఒప్పందంలో రిపేర్ల క్లాజు చదవండి. ‘చిన్నాచితకా రిపేర్లు అద్దెదారువి, పెద్దవి యజమానివి’ అని ఉంటే, గేటు స్టాపర్, రోలర్లు, ట్రాక్ పెద్దవాటి కిందికే వస్తాయని గట్టిగా వాదించవచ్చు. ఆస్తి బదలాయింపు చట్టం 1882లోని 108(ఎఫ్) ప్రకారం, యజమాని చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా సహేతుకమైన సమయంలో చేయించకపోతే అద్దెదారు తానే చేయించి, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ సెక్షన్ ప్రతి రిపేరునూ యజమాని నెత్తిన పెట్టదు. ఆయన చేయించడానికి కట్టుబడి ఉన్నవాటికే వర్తిస్తుంది. నోటీసు లేకుండా అద్దె తగ్గించి ఇస్తే మీరే బకాయిదారు అవుతారు. ఒప్పందంలో ఏమీ రాసి లేకపోతే మినహాయింపుకు తొందరపడకండి. ఖర్చు ఎవరు పెట్టాలో ముందు రాతపూర్వకంగా తేల్చుకోండి.

నోటీసు ఒక పేజీ చాలు: ఏ తేదీన ఏం జరిగింది, ఏ భాగం విరిగింది, ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు, ఏడు రోజుల్లో చేయించండి, లేదంటే మేము చేయించి బిల్లు మినహాయించుకుంటాం. చట్టంలో ఏడు రోజులని ఎక్కడా లేదు, కానీ ఇంత ప్రమాదానికి అది తక్కువ గడువేమీ కాదు. స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు చూపే ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసుకోండి. వాట్సాప్‌లోనూ పెట్టండి. అయితే ఆ మెసేజ్ కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఫోను మార్చినా చాట్ పోకుండా చూసుకోండి. రిపేరుకు ముందు ఇద్దరు వెల్డర్ల దగ్గర రాతలో ఎస్టిమేట్ తీసుకోండి.

మీ రెండో ప్రశ్నకు జవాబు మీకు అంతగా నచ్చకపోవచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. తీవ్ర గాయమైతే 125(బి) కింద మూడేళ్ల వరకు జైలు లేదా రూ.10,000 వరకు జరిమానా, లేదా రెండూ. లోపం తెలిసీ పట్టించుకోని యజమాని వీటి పరిధిలోకి వస్తారు. కానీ యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి సంబంధించిన అదే సంహితలోని 289వ సెక్షన్ యజమాని అనే మాట వాడదు. యంత్రం ఎవరి స్వాధీనంలో, ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లని అంటుంది. మోటారు గేటును రోజూ తెరిచి మూసేది మీరు. ఒకసారి ఒరిగిందని తెలిశాక కూడా అలాగే వాడితే, నోటీసు ఇచ్చామన్న మాట మిమ్మల్ని పూర్తిగా కాపాడదు.

అందుకే రిపేరయ్యేదాకా మోటారు స్విచ్ ఆపేసి, గేటును మూసిన స్థితిలోనే గొలుసుతో స్తంభానికి కట్టి తాళం వేయండి. మూసి ఉన్నంతసేపు పైఅంచు రోలర్ల మధ్యే ఉంటుంది. కారు బయట పెట్టుకుని, చిన్న గేటు ఉంటే దాన్ని వాడండి. రిపేరులో స్టాపర్ రెండు చివరలా వేయించండి. చక్రం ఎత్తులో నేలకు అతికించే చిన్న ముక్క వద్దు, గేటు ఊపు మీద వస్తే చక్రం దానిపైకి ఎక్కేస్తుంది. గేటు ఫ్రేముకు తగిలేంత ఎత్తున్న మందపాటి ప్లేటును కాంక్రీటులో యాంకర్ బోల్టులతో బిగించాలి. తర్వాత పిల్లాడిని లోపల ఉంచి, కరెంటు ఆపి, గేటు పడే వైపు ఎవరూ లేకుండా నెమ్మదిగా చివరిదాకా తోసి చూడండి. బీమ్ సెన్సర్ (దారిలో ఏదైనా అడ్డొస్తే గేటును ఆపేది) ఉంటే, మూసుకుంటున్న గేటుకు ఒక అట్టపెట్టె అడ్డం పెట్టండి. ఆగకపోతే సెన్సర్ పనిచేయనట్టే. రిమోట్ పిల్లలకు అందనివ్వకండి.

గేటు బిగించి ఎక్కువ కాలం కాకపోతే బిగించినవాళ్లనూ వదలొద్దు. డబ్బు కట్టింది ఓనరే అయినా, ఆయన అనుమతితో వాడుతున్న మీరు కూడా వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద వినియోగదారే. మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గేటుకు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. బిల్లు ఓనరు దగ్గరే ఉంటుంది కనుక, దాని కాపీ ఇవ్వమని పైన చెప్పిన నోటీసులోనే ఒక వాక్యం చేర్చండి.