'మీ' అనడానికి భయపడకు

చిట్టితల్లికి, అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, వచ్చే నెల నుంచి నువ్వు పెద్దవాళ్ళకు ఇంగ్లీషు క్లాసులు మొదలుపెడుతున్నావని చెప్పాడు. మాట్లాడటమూ నేర్పుతావట, ఆఫీసు ఉత్తరాలు రాయడమూ నేర్పుతావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం ఒకటి. రెండోది, నువ్వు వేసుకున్న పాఠాల వరస మీ నాన్న చదివి వినిపిస్తుంటే, మూడో వారం 'ప్రిపొజిషన్లు, సర్వనామాలు' అన్న చోట నాకు గుండె కలుక్కుమంది. మిగతావన్నీ నువ్వు నాకంటే బాగానే చెప్తావు. ఈ ఒక్క పాఠం దగ్గర మాత్రం నా మాట విను.

సూత్రం ఒక్క ముక్క. ప్రిపొజిషన్ తర్వాత ఐ, హీ, షీ, వుయ్, దే రావు. మీ, హిమ్, హర్, అస్, దెమ్ వస్తాయి. యూ, ఇట్ మారవు. బోర్డు మీద రాసేసి ముందుకు నడువు. మనవాళ్ళకు ఇదేం కొత్త కాదు. 'నేనుతో' అని మూడేళ్ళ పిల్లాడు కూడా అనడు, నాతో అంటాడు. విభక్తి మనకు వెనక వస్తుంది, వాళ్ళకు ముందు వస్తుంది. 'విత్ ఐ' అనేవాడు నీ క్లాసులో ఒక్కడూ ఉండడు, చూడు.

చిక్కంతా ఇద్దరు మనుషులు కలిసి వచ్చినప్పుడే. ఇక్కడ నా కథ చెప్పాలి. మీ నాన్నకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నాకప్పుడు 22 ఏళ్ళు. ఒక ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా చేరాను. మా సెక్షన్ సూపరింటెండెంటు గారు పెద్దాయన, తక్కువ మాట్లాడేవారు. డ్రాఫ్టులన్నీ సన్నటి అక్షరాలతో చేత్తోనే రాసిచ్చేవారు. ఒకరోజు పై ఆఫీసుకు వెళ్ళాల్సిన ఉత్తరం ఇచ్చారు. అందులో 'ద డిస్కషన్ బిట్వీన్ ది ఆడిటర్ అండ్ మీ' అని ఉంది. చదవగానే నాకు నవ్వొచ్చింది. ఇంత పెద్దాయన, పై ఆఫీసుకు రాస్తూ 'మీ' అని చిన్నపిల్లల మాట రాస్తాడేమిటి అనుకున్నాను. బళ్ళో మాకు నూరిపోసింది ఏమిటి? 'మీ అండ్ మై ఫ్రెండ్ వెంట్' అంటే తప్పు, 'మై ఫ్రెండ్ అండ్ ఐ వెంట్' అనాలి అని. అది 'వెంట్' ముందు వచ్చింది కాబట్టి అక్కడ రైటు. నా బుర్రలో మాత్రం, పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు 'ఐ' అనడమే మర్యాద అని ముద్ర పడిపోయింది.

అడగలేదు. ఆయన సీటు నాకు పది అడుగుల దూరంలో ఉంది, లేచి వెళ్ళి అడగొచ్చు. అడక్కుండా 'ఐ' అని కొట్టేశాను. మూడు కార్బన్లు పెట్టి మరీ కొట్టాను. ఆయన పరువు కాపాడానని లోపల గర్వం కూడా. ఆయన నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం పెట్టారు.

పది రోజులకు జవాబు తపాలులో వచ్చింది. మా ఉత్తరం నకలు దానికి జత చేసి ఉంది. ఆ 'ఐ' చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా, పక్కన మార్జిన్‌లో ఒక ప్రశ్నార్థకం. ఆఫీసరు సెక్షన్ మధ్యలో నిలబడి, "ఇన్నేళ్ళ సర్వీసులో ఇది కూడా రాదా అండీ?" అని అందరి ముందూ ఆయన్ను అడిగాడు. నేను మిషన్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. నోరు పెగల్లేదు. ఆయన నావైపు చూడను కూడా చూడకుండా, "పొరపాటైంది సార్" అన్నారు.

సాయంత్రం అందరూ వెళ్ళాక, సొరుగులోంచి తన డ్రాఫ్టు తీసుకొచ్చి నా ముందు పెట్టారు. 'మీ' అన్న చోట వేలు పెట్టి, "'బిట్వీన్ వుయ్' అని ఎవరైనా అంటారామ్మా?" అని అడిగారు. అనరు, 'బిట్వీన్ అస్' అంటారు అన్నాను. "మరి?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు. రెండేళ్ళకు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో ఆయనకు దండ వేసింది నేనే. అప్పుడైనా, ఆ రోజు తప్పు నాదని నలుగురిలో చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ ప్రశ్నలో ఎంత తెలివుందో నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. మామూలుగా ఏం చెప్తాం? రెండో మనిషిని తీసేసి చూడమంటాం. 'హి గేవ్ ఇట్ టు హర్ అండ్ ఐ' రైటా తప్పా అంటే, హర్ తీసెయ్, 'టు ఐ' మిగులుతుంది, తప్పని చెవికే తెలుస్తుంది. కానీ బిట్వీన్ దగ్గర ఆ కిటుకు పారదు. ఒక్క మనిషి మధ్య ఏముంటుంది? అందుకే అందరూ అక్కడే జారతారు. పైగా 'యూ' మారని మాట కాబట్టి 'బిట్వీన్ యూ' వరకూ ఏ అనుమానమూ రాదు. ఇద్దర్నీ కలిపి 'అస్' చేసి చూడాలి. లేదా తెలుగులో అనుకోమను: 'నీకూ నాకూ మధ్య'. రెండింటికీ 'కు' పడింది. 'నీకూ నేనూ మధ్య' అని ఎవరూ అనరు కదా.

ఎవరైనా తెలివైన కుర్రాడు, షేక్‌స్పియర్ కూడా ఒక పాత్ర ఉత్తరంలో 'బిట్వీన్ యూ అండ్ ఐ' అని రాయించాడు కదా మేడమ్ అంటాడు. నిజమే, రాయించాడు. తగవు పడకు. ఇవాళ ఆఫీసు ఉత్తరంలో అది ఎర్ర పెన్సిల్‌కు దొరుకుతుందని మాత్రం చెప్పు.

ఆ దెబ్బతో నేనేం చేశానో తెలుసా? 'ఐ' అంటే భయం, 'మీ' అంటే భయం. రెండూ వదిలేసి ఎక్కడ పడితే అక్కడ 'మైసెల్ఫ్' కొట్టడం మొదలుపెట్టాను. 'ప్లీజ్ రిప్లై టు ది ఆఫీసర్ ఆర్ మైసెల్ఫ్'. ఎంత గంభీరంగా ఉందో! ఇప్పటికీ మెయిళ్ళలో కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ 'మీ' చాలు. తన పని తన మీదికే తిరిగొచ్చినప్పుడే మైసెల్ఫ్ కావాలి: 'ఐ వాజ్ టాకింగ్ టు మైసెల్ఫ్', నాలో నేనే మాట్లాడుకుంటున్నాను. మళ్ళీ చోటు చెప్పేటప్పుడు అదీ అక్కర్లేదు. 'ఐ క్లోజ్డ్ ద డోర్ బిహైండ్ మీ' అంటారు, మైసెల్ఫ్ అనరు. తెలుగులో మీ అంటే ఎదుటివాళ్ళకు మర్యాద, ఇంగ్లీషులో మీ అంటే నేనే. మనవాళ్ళకు ఆ మాట పలకడానికి మొహమాటం అందుకేనేమో!

ఇక హూ, హూమ్. దీని గురించి నువ్వు ఎక్కువ టెన్షన్ పడుతున్నావని మీ నాన్న అన్నాడు. అంత అక్కర్లేదు. హిమ్, దెమ్, హూమ్ చివర ఉన్న ఆ 'మ్' ఉంది చూశావూ, అది వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు విభక్తి గుర్తు, మన 'కు' లాంటిదే. నామవాచకాలకు అలాంటి గుర్తులు రాలిపోయి సర్వనామాల దగ్గర మిగిలాయి. హూమ్ దగ్గర అదీ రాలిపోతోంది. మాటల్లో 'హూ డిడ్ యూ గివ్ ఇట్ టు?' అంటారు, శుభ్రమైన ఇంగ్లీషే. కాగితం మీద పద్ధతిగా రాయాలంటే 'టు హూమ్ డిడ్ యూ గివ్ ఇట్?'. ప్రిపొజిషన్ ముందుకొస్తే హూమ్ కూడా రావాలి. 'టు హూ డిడ్ యూ గివ్ ఇట్?' మాత్రం ఏ పక్కకూ చెందదు.

ప్రిపొజిషన్ వాక్యం చివర ఉండకూడదని నిన్నెవరైనా భయపెడితే వినకు. 1672లో డ్రైడెన్ కవి, బెన్ జాన్సన్ వాక్యం ఒకటి పట్టుకుని అది తప్పన్నాడు. తర్వాత తన పాత రాతలు కూడా దిద్దుకున్నాడు పాపం. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ (తర్వాత లండన్ బిషప్ అయ్యాడులే) మాటల్లో అది మామూలేనని ఒప్పుకుని, గంభీరమైన రాతలో ముందు పెడితే అందమన్నాడు. ఇప్పటికీ అంతకు మించి చెప్పేదేం లేదు.

ఒక్క చోట మాత్రం నువ్వే పొరబడతావని నా అనుమానం. 'గివ్ ఇట్ టు హూఎవర్ కమ్స్ ఫస్ట్'. ముందు 'టు' ఉంది కదా అని హూమెవర్ అని దిద్దేస్తావు. దిద్దకు. తెలుగులో అని చూడు: 'ఎవరు ముందొస్తే వాళ్ళకివ్వు'. మనకు ఎవరు, వాళ్ళకు అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషులో ఆ రెండూ ఒక్క మాటలో ఇరుక్కున్నాయి. వచ్చే పని ఆ 'ఎవరు'ది కాబట్టి హూఎవరే.

'నేను ఉండే ఇల్లు' దగ్గర తెలుగు మనకు సాయం చెయ్యదు, అందులో 'లో' అన్న ముక్కే లేదు. అందుకే 'ద హౌస్ విచ్ ఐ లివ్' అని ఇన్ మింగేస్తారు. 'ఇన్ విచ్ ఐ లివ్' అన్నా సరే, 'దట్ ఐ లివ్ ఇన్' అన్నా సరే. 'ఇన్ దట్ ఐ లివ్' కుదరదు. 'స్విచ్ ఆఫ్ ఇట్' అనేవాళ్ళ చేత 'స్విచ్ ఇట్ ఆఫ్' అని పదిసార్లు అనిపించు, సర్వనామం మధ్యలో కూర్చోవాలి. 'లుక్ ఎట్ ఇట్'లో కూర్చోదు, ఆ రెండూ పక్కపక్కనే చెప్పు. 'డిస్కస్ అబౌట్ ఇట్' అన్నవాళ్ళ అబౌట్ కొట్టెయ్. 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అన్నవాళ్ళకు 'టు' చేర్చు.

ఒకటి అడుగుతాను, మాటివ్వు. ఎవరైనా 'మీ' అని రాస్తే, తప్పనిపించినా సరే, దిద్దే ముందు ఎందుకలా రాశావని అడుగు. నీకు ఎర్ర పెన్ను అంటే ఇష్టమని నాకు తెలుసు. చిన్నప్పుడు నా ఉత్తరాల్లో తప్పులకు కూడా సున్నాలు చుట్టి తిప్పి పంపేదానివి. ఒక దాంట్లో తప్పు లేని చోట కూడా చుట్టావు. అది ఇంకా నా బీరువాలోనే ఉంది.

మొదటి క్లాసు రోజు ఫోటో పంపు. 'ఎ ఫోటో ఆఫ్ యువర్స్' అంటే నీ దగ్గరున్న ఏదో ఒక ఫోటో, నువ్వు బోర్డు తీసి పంపినా చెల్లుతుంది. నాకు అది కాదు, 'ఎ ఫోటో ఆఫ్ యూ' కావాలి. నువ్వు కనపడాలి.

ఇట్లు,
అత్తయ్య