తెగినా తనంతట తాను అతుక్కునే పారదర్శక స్పీకర్ మన కాలేజీ ల్యాబ్‌లో చేయొచ్చా?

అవతలి వైపు కనిపించేట్టు ఉండి, బ్లేడుతో కోసినా మళ్ళీ అతుక్కునే స్పీకర్ బీటెక్ ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చా అన్నావు కదా తమ్ముడూ. స్పీకర్ వద్దు, అందులో అతుక్కునే భాగం వరకు చెయ్, తిరుపతిలో అది హాయిగా కుదురుతాది.

మేము ఈసీఈలో ఉన్నప్పుడు చేసినాం. పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, నీళ్ళలో కరిగే ప్లాస్టిక్) పొడిని బాగా వేడినీళ్ళలో ఓపిగ్గా కలిపి, కంసాలి వాళ్ళు వాడే వెలిగారం (బోరాక్స్) గాంధీ రోడ్డులో తెచ్చి దాన్ని నీళ్ళలో కరిగించి అందులో పోస్తే కాసేపటికి సాగే జెల్ వచ్చేస్తాది. ఫోన్ నుంచి యాంప్లిఫయర్‌కి పోయే ఆక్స్ కేబుల్‌లో ఒక తీగ తెంచి ఆ రెండు కొసల మధ్య ఈ జెల్ ముక్క పెట్టినాం, పాట శుభ్రంగా వచ్చింది. కోస్తే ఆగింది, ముక్కలు ఆనిస్తే మళ్ళీ మొదలు. మా సార్ బ్లేడు మా చేతికి ఇవ్వనే లేదు, తనే కోసి కోసి చూసినాడు.

కానీ ఒకటి, పాట వచ్చేసింది కాబట్టి అతుక్కుపోయిందని రాసేయకు. జెల్‌లో సిగ్నల్ మోసేది అయాన్లు, అంటే కరెంటు ఛార్జ్ ఉన్న కణాలు, తడి తడి తగిలితే చాలు దాటేస్తాయి. అప్పుడే పట్టి లాగితే కోసినచోటే ఊడొస్తాది. వెలిగారం పీవీఏ గొలుసుల్లాంటి పొడుగాటి అణువుల మధ్య వేసే బంధాలు ఎప్పుడూ విడుతూ పడుతూ ఉంటాయి, రెండు ముక్కల గొలుసులూ ఒకదాంట్లోకి ఒకటి చొరబడి ఆ బంధాలు మళ్ళీ పడాలంటే టైమ్ కావాల. ఎంతసేపటికి ఎంత బరువు ఓర్చుకుంటుందో కొలువు, వైవాలో అడిగేదీ అదే.

ఇంక మన ఎండ. ఫ్యాను కింద పెడితే అంచులు అప్పడంలా ఎండి లేచిపోయినాయి. గ్లిజరిన్ కొంచెం వేస్తే నయం, జాస్తి పోస్తే అదే వెలిగారంలోని బోరేట్‌ని పట్టేసుకుని జెల్ నీరుగారిపోతాది. 2017లో వార్తల్లో తిరిగిన అమెరికాలోని యూసీ రివర్‌సైడ్ యూనివర్సిటీ చావో వాంగ్ వాళ్ళ మెటీరియల్‌లో అసలు నీళ్ళే లేవు, ఫ్లోరిన్ ఉన్న పాలిమర్‌లో అయానిక్ లిక్విడ్ (ద్రవంగా ఉండే ఉప్పు) కలిపినారు. 50 రెట్లు సాగుతాది, కోస్తే మామూలు గది వేడిలోనే 24 గంటల్లో పూర్తిగా అతుక్కుంటాది.

స్పీకర్ ఎందుకు వద్దన్నానంటే, 2013లో హార్వర్డ్ వాళ్ళు చేసిన పారదర్శక స్పీకర్ 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా పలికింది నిజమే, కానీ రెండు ఉప్పు జెల్ పొరల మధ్య రబ్బరు షీటు పెట్టి, వేల వోల్టులిస్తే అది నొక్కుకుని వదిలి శబ్దం చేస్తాది. కాలేజీ ల్యాబ్‌లో ఆ వోల్టేజీతో ఆటలొద్దు. పైగా వాళ్ళ జెల్‌కి వాడే అక్రిలమైడ్ నరాలకి విషం.

చివరగా, టెస్టింగ్‌కి 9 వోల్ట్ బ్యాటరీ పెట్టకు, డీసీకి జెల్‌లో బుడగలొస్తాయి, రాగి కొసలు పాడైపోతాయి. లాగి కొలిచే మెషీన్ మీ కాలేజీలో లేకపోతే ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి, గైడ్ చేత మెయిల్ పెట్టించి అడుగు.