పులికాట్ నాటిదా, ఉట్రెక్ట్ నుంచి వచ్చిందా?

ప్రశ్న: పెరంబూరులో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ల దగ్గర ఒక పూలకూజా కొన్నాను. పది అంగుళాల ఎత్తు, నీలం కలిసిన గోధుమరంగు గ్లేజు (మట్టి మీద గాజులాంటి పూత). అడుగున ‘మోబాఖ్’, ‘ఉట్రెక్ట్’ అని ముద్ర ఉంది. పులికాట్‌లో డచ్చివాళ్లు ఉన్న కాలం నాటిదని చెప్పారు. నిజమేనా? చేత్తో చేసిందో అచ్చులో పోసిందో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: పులికాట్ కాలానిది కాదండీ. డచ్చివాళ్లు ఆ స్థావరాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పింది 1825లో. క్లాస్ మోబాఖ్ నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో కుండల కార్ఖానా పెట్టింది 1895లో. ముద్ర అసలుదైతే మీ కూజా ఆ తర్వాతదే. అంతమాత్రాన తక్కువదనుకోకండి. గ్లేజు రంగుల మీద వాళ్లు పెట్టిన శ్రద్ధ చాలా గొప్పది.

ముద్రను మాత్రమే నమ్మకండి. మూతిలోంచి టార్చి వేసి చూడండి. సారె మీద లాగిన కూజా లోపల కుమ్మరి వేళ్ల గీతలు కింది నుంచి పైకి మెలికగా సాగుతాయి, చెయ్యి పెడితే తగులుతాయి. అచ్చులో పోసినదానికి గోడ మందం అంతటా ఒకటే. బయట ఉబ్బు ఉన్నచోట లోపల సరిగ్గా అంతే గుంట ఉంటుంది. రెండు పక్కలా ఎదురెదురుగా నిలువు అతుకు గీత కూడా కనిపించవచ్చు.

అచ్చు అనగానే చవక సరుకని కొట్టిపారెయ్యకూడదు. యాన్ ఫాన్ దెర్ ఫార్ట్ (1931–2000) వంటి పేరున్న డచ్చి కళాకారుడు కోణాల ఆకారాల కూజాలను కావాలనే అచ్చుల్లో పోశాడు. ఎక్కువమంది కొనుక్కోగలగాలన్నది ఆయన ఉద్దేశం.

కొనేముందు చీకటి గదిలో యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి వేసి చూడడం మంచి అలవాటు. జిగురు, రంగు పూసి దాచిన మరమ్మతులు చాలావరకు చుట్టూ ఉన్న గ్లేజుకు భిన్నంగా మెరుస్తాయి.

ప్రశ్న: నా దగ్గరున్న పాత డచ్చి కూజాలో బోరు నీళ్లు పోసి పూలు పెడితే టేకు బల్ల మీద తడి మచ్చ పడింది. లోపల తెల్లటి పొర కట్టింది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ముందు అడుగున గ్లేజు లేని వలయం మీద ఒక నీటిచుక్క వెయ్యండి. ఒకటి రెండు నిమిషాల్లో పీల్చేస్తే తక్కువ వేడిలో కాల్చిన మట్టి. అలాగే నిలిచి ఉంటే దాదాపు 1200 డిగ్రీలు, ఆపైన కాల్చిన స్టోన్‌వేర్.

మీది పీల్చే రకమే అయివుంటుంది. బట్టీ చల్లారేటప్పుడు గ్లేజు మట్టికంటే ఎక్కువ ముడుచుకుంటే దానిమీద లాగుడు పడి సన్నని నెర్రెలు వస్తాయి. పీల్చే మట్టి గాలిలోని తేమకు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి, కొత్తగా ఉన్నప్పుడు లేని నెర్రెలు కూడా తర్వాత పుడతాయి. వాటిలోంచే నీళ్లు దిగి బల్లకు చేరతాయి. ఇక కూజాలో నేరుగా నీళ్లు పోయకండి. మూతిలో పట్టే సన్నని గాజు గ్లాసు దింపి, పూలు అందులో పెట్టండి.

తెల్ల పొర బోరు నీటి సున్నం. నెర్రెల్లేని స్టోన్‌వేర్ అయితే తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి 20 నిమిషాలు ఉంచి, మెత్తని బ్రష్‌తో రుద్ది, నాలుగైదుసార్లు కడిగితే చాలు. నెర్రెలున్నదానికి వెనిగర్ వద్దు. పులుపు మట్టిలోకి దిగి అక్కడే ఉండిపోతుంది, సీసం కలిసిన పాత గ్లేజైతే మెరుపు పోతుంది. చెక్కపుల్లతో గీరినంత గీరి, మిగతాది వదిలెయ్యండి. బ్లీచింగ్ అసలే వద్దు. లోపల మిగిలిన ఉప్పు ఎండి స్ఫటికాలై గ్లేజును పెచ్చులుగా లేపుతుంది. కడిగాక చెన్నై తేమలో కనీసం వారం పది రోజులు నీడన బోర్లించి ఆరనివ్వండి. మూతి కింద రెండు పుల్లలు పెడితే గాలి ఆడుతుంది.

ప్రశ్న: కూజా అంచు పెచ్చు ఊడింది. క్షణంలో అతికే జిగురు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వద్దు. అది పీల్చే మట్టి అంచులోకి ఇంకిపోతుంది, తర్వాత శుభ్రంగా తియ్యడం కష్టం. మ్యూజియంలలో మరమ్మతు చేసేవాళ్లు పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడతారు, అది అసిటోన్‌తో మళ్లీ కరుగుతుంది. మరమ్మతు చేయించేవరకు ఆ పెచ్చును మెత్తని కాగితంలో చుట్టి కూజాలోనే దాచండి.