ఖాళీ గదిని పోత పోస్తే శిల్పం ఎట్లా అవుతుంది?

బ్రిటిష్ శిల్పి రేచల్ వైట్‌రీడ్ ఖాళీ గదుల్లో ప్లాస్టరో సిమెంటో పోసి తీయడం తప్ప ఏం చేసింది, ఇదీ ఒక కళేనా, కెరీరంతా ఇంతేనా అని ఒకరు అడిగారు. మా పాత మిద్దె పడగొట్టేదాకా నేనూ ఇదే అనేవాణ్ని.

ప్రొద్దుటూరు దగ్గర మాది మట్టిగోడల మిద్దె. కూల్చడానికి వారం ముందు, ఆమె 1990లో చేసిన 'ఘోస్ట్' అనే శిల్పం ఫొటోలు చూసిన ఊపులో గోడ గూళ్లలో పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్) పోశా. మూతికి పలక అడ్డం పెట్టి, సందులకు బంకమట్టి మెత్తి, పైన కాస్త వదిలి అక్కణ్ణుంచి పోయడమే. వంటింటి గూటికి నూనె పూయడం మర్చిపోయా, గోడకు అతుక్కుని ముక్కలు ముక్కలుగా వచ్చింది. "పడగొట్టే గోడకు ఈ సోకేంది సారూ" అని మేస్త్రీ ఒకటే నవ్వు. పడసాలలో దీపం గూటికి మాత్రం నూనె అవసరమే రాలేదు, నలభై ఏళ్ల ఆముదం తాగి ఉంది కదా. చుట్టూ గోడ తవ్వి తీస్తే ప్రమిద పెట్టీ పెట్టీ పడిన గుంట బుడిపెలా పైకి లేచింది, వత్తి ఎగదోసి మా జేజి వేలు తుడుచుకున్న చోట అంచు ఉబ్బెత్తుగా తేలింది, మసి మసిలాగే అంటుకుంది.

'ఘోస్ట్' కూడా ఇట్లాంటిదే. ఉత్తర లండన్‌లో ఒక పాత ఇంటి గదిని ముక్కలుగా ప్లాస్టర్‌లో పోత తీసి ఇనుప చట్రానికి బిగించింది, చలిపొయ్యి మసి దానికీ అంటింది. గదిలోని గాలిని మమ్మీ చేయాలనుకున్నానని ఆమే చెప్పింది.

1993లో తూర్పు లండన్‌లో ఏకంగా ఒక ఇంటి లోపలంతా కాంక్రీటు పట్టించి, బయటి గోడలు ఊడదీసింది. అదే 'హౌస్'. ఆ ఏడాది బ్రిటన్‌లో పేరున్న కళా బహుమతి టర్నర్ ప్రైజ్ వచ్చింది, ఆడవాళ్లలో ఆమే మొదట. విచిత్రమేమంటే ఆ ఏటి అతి చెత్త ఆర్టిస్టు అని కె ఫౌండేషన్ అనే వాళ్లు ఆ బహుమతికి రెట్టింపు, 40,000 పౌండ్లు ఇచ్చారు! 1994 జనవరిలో ఆ ఇంటినీ కూల్చేశారు.

కెరీరంతా గదులే కాదు. 1988లో బీరువా లోపలి ఖాళీతో మొదలుపెట్టింది, 1995లో కుర్చీల కింది ఖాళీలు నూరు పోత పోసింది, 2000లో వియన్నాలో నాజీలు చంపిన యూదుల స్మారకం కట్టింది. 2005లో లండన్ మ్యూజియం టేట్ మోడరన్‌లో పేర్చిన 14,000 తెల్ల పెట్టెలకు మూలం వాళ్లమ్మ పోయాక ఇంట్లో దొరికిన పాత అట్టపెట్టె.

మా గూటి పోత ఇప్పుడు కొత్తింట్లో టీవీ పక్కన ఉంది. శుక్రవారం అమ్మ దానికి బొట్టు పెడుతోంది, నేను వద్దనలేదు.