తెలుగు, ఉర్దూ కలిసిన హైదరాబాదులో బార్‌క్యాంప్ ఏ భాషలో నడపాలి?

ముందుగా ఖరారైన వక్తలు, కార్యక్రమ పట్టిక లేకుండా, వచ్చినవారే ఆ ఉదయం అంశాలు ఎంచుకునే సాంకేతిక సదస్సును, అంటే బార్‌క్యాంప్‌ను, హైదరాబాదులో పెట్టాలని, తెలుగువారూ ఉర్దూవారూ వస్తారు కనుక ఏ భాషలో నడపాలని అడిగారు. రెండుసార్లు నిర్వహించిన అనుభవంతో చెబుతున్నాను: భాషను మీరు నిర్ణయించకండి. అంశం చెప్పేవారికే వదిలేయండి.

మొదటిసారి మేము అలా వదల్లేదు. అందరికీ అర్థం కావాలన్న తపనతో ప్రతి మాటనూ వెంటవెంటనే రెండో భాషలో చెప్పించాం. 45 నిమిషాల అంశం సగం కూడా పూర్తి కాలేదు. తమ భాష వంతు వచ్చేదాకా జనం ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. విసిగి చివరకు అందరూ ఇంగ్లీషులోకి వెళ్లిపోయారు. ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవారు మాట్లాడారు, మిగిలినవారు విన్నారు. అది చూసి నిజంగా బాధపడ్డాను. 2005 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో తొలి బార్‌క్యాంప్ పుట్టిందే, పిలుపు అందినవారికి మాత్రమే చోటున్న ఫూ క్యాంప్ అనే సదస్సుకు బదులుగా. తలుపులు తెరిచిపెట్టి భాషతో గడియ వేస్తే ఏం లాభం?

రెండోసారి గోడకు ఖాళీ గళ్ల పట్టిక అంటించి, పక్కన చీటీలు, స్కెచ్ పెన్నులు పెట్టాం. చీటీ మీద అంశం, పేరు, మూలన భాష. అర్థం కాకపోతే లేచి పక్క గదికి వెళ్లడం అమర్యాద కాదని ముందే రెండు భాషల్లోనూ చెప్పాం. పరిచయాల్లో ప్రతి ఒక్కరూ పేరు తర్వాత తమ గురించి మూడే మాటలు, తమకు నచ్చిన భాషలో చెప్పారు. అంత చిన్న ఏర్పాటుతోనే బెరుకు చాలావరకు పోయింది.

ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి, చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని పట్టిక దగ్గర చాలాసేపు నిలబడింది. "భాయ్, ఉర్దూలో చెప్పవచ్చా?" అని అడిగింది. "తప్పకుండా చెప్పమ్మా, మూలన ఉర్దూ అని రాయి" అన్నాను. ఆమె అంశం ఫోన్లలో నస్తాలీఖ్ రాత, అంటే ఉర్దూకు వాడే లిపి శైలి. ఏటవాలుగా దిగే అక్షరాలు కింది వరుసను ఎలా తాకుతున్నాయో తెర మీద చూపించింది. వెనకనుంచి ఒకాయన లేచి, "మా ఒత్తులదీ ఇదే గొడవమ్మా" అంటూ తన ల్యాప్‌టాప్‌లో 'రాష్ట్రం' అన్న మాట చూపించారు. అడుగున ఉన్న ఒత్తు తెగిపోయి ఉంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి పెట్టిన వరుసల ఎడం ఇద్దరికీ చాలదు. ఆయన హర్ఫ్‌బజ్ గురించి చెప్పారు. తెలుగు ఒత్తులనూ నస్తాలీఖ్ అక్షరాలనూ సరైన రూపంలో, సరైన చోట కూర్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అది. పేరు వినగానే ఆమె నవ్వి, "హర్ఫ్ అంటే అక్షరమే కదా" అంది. ఆ గంటలో ఎవరూ అనువాదం కావాలనలేదు. తెలియని మాట వస్తే పక్కవారు మెల్లగా చెప్పారు.

ఇక ఏర్పాట్లు. మాదాపూర్‌లో హాలు తేలికగా దొరకవచ్చు, కానీ పాతబస్తీ విద్యార్థులకు అది దూరం. నాంపల్లి, కోఠి వైపు మెట్రోకు దగ్గరగా చూడండి. మియాపూర్, ఎల్బీ నగర్ రెండు వైపులవారూ ఒకే రైల్లో వస్తారు. ఆదివారం మంచిది, రంజాన్ నెల వద్దు. భోజన విరామం మధ్యాహ్నపు జొహర్ నమాజుకూ సరిపోయేంత ఉండాలి, అందుకొక చిన్న గది కేటాయించండి. శాకాహారానికి గరిటెలు సహా విడిగా పెట్టించండి.

ఉర్దూ బ్యానరును అచ్చుకు పంపే ముందు ఉర్దూ చదివేవారికి తప్పక చూపించండి. మొదటిసారి మా బ్యానరులో అక్షరాలు విడివిడిగా, ఎడమనుంచి కుడికి తిరగబడి అచ్చయ్యాయి. మాలో ఎవరికీ ఆ సంగతి తెలియలేదు. వచ్చినవారిలో ఒక పెద్దాయన ఏమీ అనకుండా స్కెచ్ పెన్ను తీసుకుని దాని కిందే సరిగ్గా రాసిపెట్టారు. రెండోసారి గదుల పేర్లన్నీ ఆయన చేతే రాయించాం.