ప్యాచ్ తీసేస్తే సిస్టమ్ స్పీడ్ పెరుగుతుందా?

టెక్ సందేహాలు

ప్రశ్న: కావలిలో నెట్ సెంటర్ నడుపుతున్నాను సార్. అన్నీ ఇంటెల్ నాలుగో తరం ఐ5 డెస్క్‌టాప్‌లు, విండోస్ 10. రిజల్ట్స్ వచ్చిన రోజు జనం బయటిదాకా నిలబడతారు, సిస్టమ్‌లు చూస్తే నత్తనడక. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ ప్యాచ్‌ల వల్లే ఇదంతా అని తెలిసినాయన ఒకరు వాటిని ఆఫ్ చేసే చిన్న టూల్ ఇచ్చారు. వాడొచ్చా? అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందోనని కూడా టెన్షన్.

జవాబు: వాడొద్దు. ఇంట్లో మీరొక్కరే వాడుకునే సిస్టమ్ అయితే ఇంత గట్టిగా చెప్పేవాడిని కాదు. మీ దగ్గర ఎవరెవరో పెన్‌డ్రైవ్‌లు పెడతారు, ఆధార్ నంబర్లు కొడతారు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు టైప్ చేస్తారు. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనేవి ప్రాసెసర్‌లోని లోపాలు, ప్యాచ్‌లు వాటిని మూసే సవరణలు. ఈ లోపాలు బయటపెట్టేది సరిగ్గా అలాంటి సమాచారాన్నే.

2018 జనవరి 3న ఇవి లోకానికి తెలిశాయి. గూగుల్ ప్రాజెక్ట్ జీరో, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు, మరికొందరు విడివిడిగా కనిపెట్టారు. తప్పు సాఫ్ట్‌వేర్‌లో లేదు, చిప్ పనిచేసే పద్ధతిలోనే ఉంది. ప్రాసెసర్ ఊరికే కూర్చోదు, తర్వాత ఏ పని రావచ్చో ఊహించి ముందే చేసిపెడుతుంది. నెల్లూరులో టిఫిన్ హోటల్ మాస్టర్ కూడా అంతే. రోజూ వచ్చే మనిషి గుమ్మంలో కనబడగానే అడక్కముందే కారం దోశ పోసేస్తాడు. ఆయన ఇవాళ ఇడ్లీ చాలంటే ఆ దోశ పక్కన ఉండిపోతుంది. వెనకే వచ్చినవాడు కారం దోశ అడిగితే క్షణాల్లో ప్లేట్లో పడుతుంది. ముందొచ్చినాయన రోజూ ఏం తింటాడో వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ప్రాసెసర్ కూడా ఊహ తప్పితే ఫలితాన్ని రద్దు చేస్తుంది గానీ, అందుకోసం తెచ్చిన డేటా జాడ క్యాష్ మెమరీలో, అంటే చిప్‌లోనే ఉండే చిన్న వేగవంతమైన మెమరీలో మిగులుతుంది. ఏది తొందరగా అందుతోంది, ఏది ఆలస్యమవుతోంది అని కొలిచి ఆ జాడ పట్టుకోవచ్చు.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగం కెర్నల్. ఏ డేటా మెమరీలో ఎక్కడుందో చూపే పట్టిక పేజీ టేబుల్. వేగం కోసం ఆపరేటింగ్ సిస్టమ్‌లు అంతవరకు కెర్నల్ మెమరీని కూడా ప్రతి ప్రోగ్రామ్ పేజీ టేబుల్‌లోనే ఉంచేవి. చూడ్డానికి అనుమతి మాత్రం ఉండేది కాదు. మెల్ట్‌డౌన్ ఉన్న చిప్‌లో ఆ అనుమతి తనిఖీ ముగిసేలోపే డేటా లోపలికి వచ్చేస్తుంది. అందుకని ప్యాచ్ కెర్నల్‌కి వేరే పేజీ టేబుల్ పెట్టింది. ఇక ప్రోగ్రామ్ కెర్నల్‌ని ఏ పని అడిగినా, ఫైల్ తెరవమన్నా, నెట్ నుంచి డేటా తెమ్మన్నా, ఒక టేబుల్ నుంచి ఇంకో దానికి మారాలి. ఖర్చంతా అక్కడే. నాలుగో తరం, అంతకంటే పాత చిప్‌లలో కొంతమందికి తేడా తెలుస్తుందని మైక్రోసాఫ్ట్ అప్పుడే ఒప్పుకుంది. తర్వాత 2019లో రెట్‌పోలిన్ అనే పద్ధతి తెచ్చి స్పెక్టర్ ప్యాచ్ భారం కొంత దించింది.

నన్నడిగితే మీ నత్తనడకకి కారణం ప్యాచ్ కంటే పాత హార్డ్ డిస్క్ అయ్యే అవకాశమే ఎక్కువ. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి అస్తమానం 100 శాతం దగ్గరే ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి.

మీ భయం మాత్రం ఉత్తది కాదు. ఆ జనవరిలో ప్యాచ్ పడ్డాక కొన్ని పాత ఏఎమ్‌డీ సిస్టమ్‌లు ఆన్ కాలేదు, మైక్రోసాఫ్ట్ వాటికి అప్‌డేట్ ఆపేసింది. ఇంటెల్ ఇచ్చిన మైక్రోకోడ్ (చిప్ లోపల దాన్ని నడిపించే చిన్న కోడ్) వల్ల నాలుగు, ఐదో తరం చిప్‌లు, అంటే మీ తరం చిప్‌లే, వాటంతటవే రీస్టార్ట్ అవుతుంటే, ఆ వెర్షన్ వేయొద్దని జనవరి 22న ఇంటెలే చెప్పింది. తర్వాత సరిచేసినది వచ్చింది. విండోస్ ఇచ్చే మైక్రోకోడ్ బూట్ అయిన ప్రతిసారీ లోడ్ అవుతుంది, చిప్‌లో శాశ్వతంగా రాయదు. కరెంటు పోతే బోర్డుకే ఎసరొచ్చేది బయోస్, అంటే సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డులోని ప్రోగ్రామ్, అప్‌డేట్‌లో. యూపీఎస్ బ్యాటరీ బాగుంటేనే దాని జోలికి వెళ్లండి. తుపాను హెచ్చరిక ఉన్న రోజు అసలు వద్దు.

ఇంకొకటి. రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తే కెర్నల్ కొత్తగా మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ కెర్నల్‌ని డిస్క్‌లో దాచి, పొద్దున దాన్నే మళ్లీ లేపుతుంది. అప్‌డేట్ పడ్డాక తప్పకుండా రీస్టార్ట్ కొట్టండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మీ చిప్‌లు విండోస్ 11 జాబితాలో లేవు. మెషీన్లు మార్చే ఖర్చు లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: ఒంగోలులో ఇంజినీరింగ్ చదువుతున్నాను అన్నా. పదో తరం ఐ5 ల్యాప్‌టాప్, ఉబుంటు. గ్రబ్‌లో (బూట్ మెనూ) మిటిగేషన్స్ ఆఫ్ అని, అంటే ఈ ప్యాచ్‌లు ఆపెయ్యమని పెడితే కంపైల్ స్పీడ్ పెరుగుతుందంటున్నారు. పెట్టనా?

జవాబు: టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కొట్టు తమ్ముడూ. కింద ఒక్కో లోపం పేరు, ఎదురుగా దాని పరిస్థితి వస్తాయి. నీ చిప్‌కి మెల్ట్‌డౌన్ వరసలో 'నాట్ అఫెక్టెడ్' అని ఉండాలి. దాన్ని ఇంటెల్ హార్డ్‌వేర్‌లోనే సరిచేసింది, కాబట్టి ఆ పేజీ టేబుల్ ఖర్చు నీకు ఎటూ లేదు. 2023 ఆగస్టులో బయటపడ్డ డౌన్‌ఫాల్ అనే ఇంకో లోపం మాత్రం ఆరు నుంచి పదకొండో తరం దాకా ఉంది. దాని ప్యాచ్ భారం పడేది మెమరీలో చెల్లాచెదురుగా ఉన్న డేటాని పోగేసే గ్యాదర్ అనే ఇన్‌స్ట్రక్షన్‌ని బాగా వాడే వెక్టర్ లెక్కల (ఒకేసారి చాలా సంఖ్యల మీద చేసే లెక్కలు) మీద. కంపైలర్‌కి దాంతో పెద్దగా పనిలేదు. అదే ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరుస్తావు కదా, ముక్కూమొహం తెలియని సైట్ల జావాస్క్రిప్ట్ అక్కడే నడుస్తుంది. స్పెక్టర్‌ని జావాస్క్రిప్ట్‌తోనే చేసి చూపించారు. నెట్ లేకుండా మూలన పడున్న పాత మెషీన్ ఉంటే దాంట్లో ఆఫ్ చేసి చూసుకో, నాకేం అభ్యంతరం లేదు.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతుల ఆఫీసు మాది. లైనక్స్ సర్వర్ కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా రీస్టార్ట్ అంటే మా సార్ ఒప్పుకోరు. రీస్టార్ట్ లేకుండానే కెర్నల్‌ని సరిచేసే లైవ్‌ప్యాచ్ పెడితే సరిపోతుందా?

జవాబు: చాలా లోపాలకు సరిపోతుంది, ప్రాసెసర్ లోపాలకు సరిపోదు. లైవ్‌ప్యాచ్ కెర్నల్‌లో ఒకట్రెండు ఫంక్షన్లు మార్చగలదు. మెల్ట్‌డౌన్ ప్యాచ్ మెమరీ అమరికనే మార్చింది, అప్పుడు ఉబుంటు వాళ్లు కూడా రీస్టార్ట్ తప్పదనే చెప్పారు. ఆదివారం రాత్రి పది నిమిషాలు ఆపడానికి ముందే ఒప్పించుకోండి. పాత కెర్నల్ తీసేయొద్దు, కొత్తది మొరాయిస్తే గ్రబ్ మెనూలో దాన్నే ఎంచుకుని బూట్ చేయొచ్చు.

ప్రశ్న: ఉలవపాడు నుంచి రాస్తున్నాను. మా నాన్న తక్కువ ధర ఫోన్‌కి అప్‌డేట్‌లు ఆగిపోయాయి. ఈ లోపాలు ఫోన్లకీ ఉంటాయా?

జవాబు: కొన్నింటికి ఉంటాయి. కార్టెక్స్ ఏ53 లాంటి సాదా కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) మాత్రమే ఉన్న ఫోన్ అయితే మెల్ట్‌డౌన్, స్పెక్టర్ వర్తించవు, అవి అలా ముందే ఊహించి పనిచేయవు. అప్‌డేట్‌లు ఆగిన ఫోన్‌లో ఆండ్రాయిడ్ లోపాలే పెద్ద చిక్కు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి, రెండేళ్లు దాటి ఉంటే అందులో యూపీఐ తీసేసి నాన్నగారికి వేరే ఫోన్‌లో పెట్టించండి.